వరంగల్ నుంచి దూరపు ఊరికి కారును ట్రాన్స్‌పోర్టులో పంపడం ఎలా?

రామగుండం ఎన్టీపీసీలోనో కాజీపేట రైల్వేలోనో పనిచేసేవారికి బదిలీ ఉత్తర్వు చేతికి రాగానే, లేదా పుణెలోనో ఢిల్లీలోనో ఉద్యోగం వచ్చిన పిల్లలకు ఇంట్లో ఉన్న కారు పంపాలని తల్లిదండ్రులు అనుకోగానే, అడిగే ప్రశ్న ఒక్కటే: కారును ట్రాన్స్‌పోర్టు కంపెనీకి అప్పగిస్తే క్షేమంగా చేరుతుందా, ఏమేం చూసుకోవాలి? ఈ ప్రశ్న పదేపదే వస్తున్నందువల్ల పనిని మొదటి నుంచి చివరి వరకు వరుసగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. బెంగళూరు వరకైతే నమ్మకమైన డ్రైవరును మాట్లాడుకుని రోడ్డు మీద నడిపించుకోవడమే మేలని నా అభిప్రాయం. ఢిల్లీ, కోల్‌కతా, గువాహటి, కొచ్చి వంటి దూరాలకు ట్రైలర్ (కార్లను మోసుకెళ్లే పొడవాటి లారీ) మీద పంపడం సరైన పద్ధతి. ఇందులో ఇబ్బందులు ఎక్కువగా రెండు చోట్ల పుడతాయి. కారును అప్పగించే అరగంటలో కాగితం మీద రాయవలసింది రాయించుకోకపోవడం మొదటిది. మన ఊరి నుంచి హైదరాబాద్‌లోని కంపెనీ యార్డు వరకు కారు ఎలా వెళుతుందో అడగకపోవడం రెండోది. అందుకే ఈ రెండింటి గురించి ఎక్కువగా రాశాను.

సిద్ధం చేసుకోవలసినవి

- ఆర్‌సీ, ఇన్సూరెన్స్ పాలసీ, పొల్యూషన్ సర్టిఫికెట్ల నకళ్లు. అసలు ఆర్‌సీ కార్డును ఎవరికీ ఇవ్వవలసిన పని లేదు.
- యజమాని గుర్తింపు కార్డు నకలు. దాని మీద ‘కారు రవాణా కోసం మాత్రమే’ అని, తేదీ వేసి, అక్షరాల మీదుగా సంతకం చేయండి.
- కారు మీ సొంత వాడకానిదే, అమ్మకానికి పంపడం లేదు అని సంతకంతో కూడిన ఒక చిన్న కాగితం.
- అక్కడ కారు తీసుకునేది మీరు కాకపోతే, తీసుకునేవారి పేరుతో అనుమతి పత్రం.
- ఒక తాళంచెవి. రెండో తాళంచెవి మీ దగ్గరే ఉండాలి.
- మంచి కెమెరా ఉన్న ఫోను, టార్చిలైటు, ఒక తెల్లకాగితాల పుస్తకం.

వాడిన సొంత వస్తువులకు జీఎస్టీ నిబంధనల్లో ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి ‘ఈ-వే బిల్లు ఖర్చు’ పేరుతో ఎవరైనా వేలకు వేలు అడిగితే, ఎందుకని నిలదీసి అడగవచ్చు.

1. కంపెనీని ఎంచుకోవడం

ఇంటర్నెట్‌లో ఒక్కచోట మీ నంబరు ఇస్తే గంటలోపే పదిమంది ఫోన్లు చేస్తారు. వారిలో చాలామంది ఏజెంట్లే, సొంత ట్రైలర్ ఉన్నవారు తక్కువ. ఏజెంటు కావడం తప్పు కాదు గాని, కారు ఎవరి ట్రైలర్ మీద ఎక్కుతుందో, బిల్టీ (కారును రవాణాకు తీసుకున్నట్లు ట్రాన్స్‌పోర్టు కంపెనీ ఇచ్చే రసీదు) ఎవరి పేరున వస్తుందో ముందే చెప్పగలగాలి. అది చెప్పలేనివారితో మాట అక్కడితో ఆపేయండి.

కనీసం మూడు కంపెనీల దగ్గర రాతపూర్వకంగా ధర తెప్పించుకోండి. ఆ కాగితంలో కిరాయి, ఇన్సూరెన్సు, జీఎస్టీ, ఇంటి నుంచి తీసుకెళ్లే ఖర్చు, ఇంటి దగ్గర దించే ఖర్చు విడివిడిగా ఉండాలి. రెండు ధరలు దగ్గర దగ్గరగా ఉండి మూడోది సగానికి సగం తక్కువగా ఉంటే సంతోషించకండి. కారు ట్రైలర్ ఎక్కిన తర్వాత ఏదో ఒక పేరుతో మిగతాది అడగడానికే అంత తక్కువ చెప్పి ఉంటారు, అప్పటికి కారు వారి చేతిలో ఉంటుంది.

తర్వాత కంపెనీ జీఎస్టీ నంబరు అడిగి తీసుకుని, జీఎస్టీ వెబ్‌సైటులో దాన్ని వెతకండి. ఆ నంబరులో పదిహేను అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: తెలంగాణకు 36, కర్ణాటకకు 29, మహారాష్ట్రకు 27, ఢిల్లీకి 07. వెబ్‌సైటులో కనిపించే చట్టబద్ధమైన పేరు, మీకిచ్చిన ధర కాగితం మీది పేరు, డబ్బు వేయమన్న బ్యాంకు ఖాతా పేరు, ఈ మూడూ ఒకటే కావాలి. పేరున్న కంపెనీల పేరుకు ముందో వెనకో ఒక మాట తగిలించి బోర్డు పెట్టుకున్నవారు ఈ రంగంలో చాలామంది ఉన్నారు కనుక, బోర్డును చూసి కాకుండా ఈ మూడు పేర్లను చూసి నమ్మండి.

అడ్వాన్సు కొంత ఇవ్వక తప్పదు. మొత్తం మాత్రం ముందే చెల్లించకండి. కొంత బుకింగ్ సమయంలో, కొంత బిల్టీ చేతికి వచ్చాక, మిగతాది కారు అందాక అని ధర కాగితం మీదే రాయించుకోండి. డ్రైవరు సొంత ఫోన్‌పే నంబరుకు ఒక్క రూపాయి కూడా పంపవద్దు.

2. మూసిన కంటైనరా, తెరిచిన ట్రైలరా?

కొత్త కారుకు, రంగు మెరుగు పోకూడదనుకునే కారుకు మూసిన కంటైనర్ మంచిది. దారిలో ఎగిరిపడే రాళ్లు, దుమ్ము, వాన దాన్ని తాకవు. అయితే లోపల చోటు ఇరుకు కాబట్టి, కారును లోపలికి ఎక్కించిన మనిషి బయటికి రావడానికి తలుపును కొద్దిగానే తెరవగలుగుతాడు. ఆ తలుపు అంచు కంటైనర్ గోడకు తగిలి పెచ్చు లేచిన కార్లు చాలా ఉంటాయి. తలుపుల అంచులకు రబ్బరు పట్టీ గాని, మందపాటి టేపు గాని అతికించి పంపితే ఈ నష్టం తప్పుతుంది. తెరిచిన ట్రైలర్ చౌక. పాత కారుకు అది చాలు.

3. హైదరాబాద్ వరకు కారు ఎలా వెళుతుంది?

మన ప్రాంతంవారు ఎక్కువగా అడగడం మరిచిపోయే ప్రశ్న ఇదే. ట్రైలర్లు సాధారణంగా హైదరాబాద్ శివార్లలోని యార్డుల నుంచే బయలుదేరుతాయి. ‘ఇంటికి వచ్చి తీసుకెళతాం’ అని కంపెనీ అన్నదంటే, ఒక డ్రైవరు హనుమకొండకు బస్సులో వచ్చి, మీ కారును 163వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 145 కిలోమీటర్లు నడుపుకుంటూ తీసుకెళతాడని అర్థం. రామగుండం నుంచైతే ఆ దూరం 220 కిలోమీటర్లు దాటుతుంది. ఇందులో మోసం ఏమీ లేదు గాని, ఆ ప్రయాణానికి ఎవరు బాధ్యులో కాగితం మీద ఉండాలి.

మీకు మూడు మార్గాలున్నాయి. మొదటిది, అన్నిటికంటే మంచిది: కారును మీరే హైదరాబాద్ యార్డుకు నడుపుకుంటూ వెళ్లి, అక్కడ ట్రైలర్ మీదికి ఎక్కే వరకు ఉండి, రైల్లో కాజీపేటకు తిరిగి రావడం. ఒక రోజు ఖర్చవుతుంది, కాని మధ్యలో వేరే చేయి పడదు. రెండోది: రికవరీ వ్యాను లాంటి చిన్న బండి మీద ఎక్కించి యార్డుకు చేర్చమనడం. దీనికి కిరాయి అదనం. మూడోది: కంపెనీ డ్రైవరుకే అప్పగించడం. మూడోదే కుదిరితే, డ్రైవరు లైసెన్సు ఫొటో తీసుకోండి, బయలుదేరేటప్పుడు మీటరు మీద కనిపించే కిలోమీటర్లను ఇద్దరి సంతకాలతో రాసుకోండి, యార్డుకు చేరాక మీటరు ఫొటో పంపాలని ముందే షరతు పెట్టండి. యార్డు అంకెకు, ఇంటి అంకెకు తేడా ఆ దారి దూరానికి పది ఇరవై కిలోమీటర్లకు మించి ఉండకూడదు.

ఆదిలాబాద్, నిర్మల్ వైపువారు కారును ఉత్తరాదికి పంపాలనుకుంటే, దాన్ని వెనక్కి హైదరాబాద్‌కు తెచ్చి మళ్లీ అదే 44వ నంబరు రహదారి మీద పైకి పంపడం ఎందుకు? ఆదిలాబాద్ నుంచి నాగపూర్ దాదాపు 200 కిలోమీటర్లే. నాగపూర్‌లో కారును తీసుకునే ఏర్పాటు ఉందా అని అడగండి.

ట్రైలర్‌నే మీ ఊరికి పంపుతామని కంపెనీ అంటే, అంత పొడవు బండి హనుమకొండ గల్లీల్లోకి రాదు. రింగు రోడ్డు మీదో మడికొండ వైపో ఎక్కడ ఆగుతుందో ముందే తేల్చుకోండి. మేడారం జాతర రోజుల్లో వరంగల్, ములుగు దారులన్నీ కిక్కిరిసి ఉంటాయి కనుక ఆ వారం పది రోజుల్లో అప్పగింత పెట్టుకోకండి.

4. ఇన్సూరెన్సు

‘ఇన్సూరెన్సు మాదే, మీకేం భయం లేదు’ అన్న మాటకు విలువ లేదు. ట్రాన్సిట్ ఇన్సూరెన్సు (రవాణాలో జరిగే నష్టానికి బీమా) పేరుతో డబ్బు తీసుకుంటే, ఒక ఇన్సూరెన్సు కంపెనీ ఇచ్చిన పాలసీ గాని సర్టిఫికెట్ గాని మీ చేతికి రావాలి. అందులో మీ కారు నంబరు, చాసిస్ నంబరు, విలువ, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నవి ఉండాలి. విలువగా మీ కారు పాలసీలోని ఐడీవీని (ఇన్సూరెన్సు కోసం లెక్కగట్టిన కారు విలువను) రాయించండి. కారు బయలుదేరకముందే ఆ సర్టిఫికెట్ నంబరును ఇన్సూరెన్సు కంపెనీకి ఫోను చేసి సరిచూసుకోండి. బిల్టీ మీద ‘ఇన్సూరెన్సు’ అని రాసి ముద్ర వేసినంత మాత్రాన అది పాలసీ కాదు.

మీ సొంత కారు పాలసీని కూడా ఒకసారి తీసి చదవండి. మన దేశంలోని సాధారణ సమగ్ర పాలసీ, కారును రోడ్డు, రైలు మార్గాల్లో తరలిస్తున్నప్పుడు దానికి జరిగే నష్టాన్ని కూడా కవర్ చేసే ప్రమాదాల్లో చేర్చింది. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే ఈ రక్షణ ఉండదు. సొంత పాలసీ మీద క్లెయిము చేస్తే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది కాబట్టి, విడిగా ట్రాన్సిట్ పాలసీ తీసుకోవడమే మంచిది, సొంతది వెనుక అండగా ఉంటుంది. కారును ఫలానా తేదీన ఫలానా ఊరికి ట్రైలర్ మీద పంపుతున్నానని మీ ఇన్సూరెన్సు కంపెనీకి మెయిల్ రాసి, జవాబు తెప్పించుకోండి.

విలువ రాయించడం ఎందుకు ముఖ్యమంటే, 2007 నాటి రోడ్డు రవాణా చట్టం, దాని కింద వచ్చిన 2011 నియమాల ప్రకారం, సరుకుకు ఎక్కువ విలువను ప్రకటించి అందుకు తగిన ఒప్పందం చేసుకోకపోతే రవాణాదారు బాధ్యత కిరాయికి పది రెట్లకు పరిమితమవుతుంది. కిరాయి 15,000 రూపాయలైతే, ఎనిమిది లక్షల కారు పూర్తిగా పోయినా ఆ లెక్కన వచ్చేది లక్షన్నరే.

5. కారును సిద్ధం చేయడం

అప్పగించే రోజు పొద్దున కారును కడిగించండి. దుమ్ము పట్టిన కారును అప్పగిస్తే, డ్రైవరు తన కాగితం మీద ‘బండి మురికిగా ఉంది, గీతలు చూడలేదు’ అని ఒక్క ముక్క రాస్తాడు. తర్వాత మీరు ఎన్ని గీతలు చూపినా ఆ వాక్యం అడ్డొస్తుంది.

పెట్రోలు పావు ట్యాంకు చాలు. హైదరాబాద్ వరకు నడిపించేటట్లయితే ఆ దూరానికి సరిపడా పోయించి, ముల్లు ఎక్కడ ఉందో ఫొటో తీయండి. సీఎన్జీ కారైతే సిలిండరు వాల్వు మూయించండి. టైర్లలో గాలి, బ్యాటరీ సరిగ్గా ఉండాలి. యార్డులో స్టార్టు కాని కారును తోస్తారు, లాగుతారు, అక్కడే బంపర్లు పగులుతాయి. అలారం ఆపేయండి. డ్యాష్ కెమెరా, పెన్‌డ్రైవు, సీటు కవర్ల సంచుల్లోని కాగితాలు అన్నీ తీసేయండి.

కారు ఖాళీగా పోతోంది కదా అని డిక్కీలో బియ్యం సంచి, ఆవకాయ జాడీ, మిక్సీ, పరుపులు సర్దేవారు ఉన్నారు. దయచేసి అలా చేయకండి. ట్రాన్సిట్ పాలసీ కారుకే గాని లోపలి సామానుకు వర్తించదు. తనిఖీలో సామాను కనిపిస్తే ట్రైలర్ మొత్తం ఆగవచ్చు. వాలు పలక మీద కారు ఎక్కేటప్పుడు జాడీ ఒరిగి నూనె సీటులోకి దిగితే ఆ మరక మళ్లీ పోదు.

ఫాస్టాగ్ విషయం ప్రత్యేకం. తెరిచిన ట్రైలర్ మీద పోతున్నప్పుడు టోల్ గేటు యంత్రం ట్రైలర్ ట్యాగుతో పాటు మీ కారు ట్యాగును కూడా చదివి డబ్బు కోయవచ్చు. ట్యాగును పీకితే పాడవుతుంది కనుక, దాని మీద వంటింటి అల్యూమినియం కాగితాన్ని రెండు మడతలుగా టేపుతో అతికించండి. అయితే ఈ పని కారు ట్రైలర్ ఎక్కేటప్పుడు చేయించండి, అంతకుముందు కాదు. డ్రైవరు హైదరాబాద్‌కు నడుపుతున్నంతసేపు ఫాస్టాగ్ మెసేజీలు మీకు నమ్మకమైన సమాచారం ఇస్తాయి: జనగామ దగ్గర కొమల్ల టోల్, తర్వాత బీబీనగర్ దగ్గర గూడూరు టోల్. ఈ రెండూ దాటాక వేరే దారిలోని టోల్ గేటు నుంచి మెసేజీ వచ్చిందంటే, కారును ఎవరో ఇంకెక్కడో తిప్పుతున్నారేమోనని వెంటనే కంపెనీకి ఫోను చేయాలి.

6. అప్పగింత: ఈ అరగంటను తొందరపడి ముగించకండి

పగటి వెలుగులోనే అప్పగించండి. డ్రైవరు ఆలస్యంగా, చీకటి పడ్డాక వస్తే, మరునాడు పొద్దున రమ్మని చెప్పే హక్కు మీకుంది.

మొదట ఆగకుండా ఒక వీడియో తీయండి. నంబరు ప్లేటుతో మొదలుపెట్టి కారు చుట్టూ తిరిగి, పైకప్పు, అద్దాలు, నాలుగు చక్రాల రిమ్ములు, ముందు బంపరు కింది అంచు చూపండి. వాలు పలక మీద ముందుగా గీసుకునేది ఆ కింది అంచే, దాన్ని ఎవరూ ఫొటో తీయరు. నేల మీద వంగి ఆ అంచును విడిగా ఫొటో తీయండి. తర్వాత లోపల మీటరు, పెట్రోలు ముల్లు, మ్యూజిక్ సిస్టం, సీట్లు. డిక్కీలో స్టెప్నీ, జాకీ, పానాలు. బానెట్ ఎత్తి బ్యాటరీ మీది నంబరును ఫొటో తీయండి. టైరు పక్కన తయారీ వారాన్ని, సంవత్సరాన్ని తెలిపే నాలుగంకెల సంఖ్య ఉంటుంది, ఐదు టైర్లవీ రాసుకోండి. ఉదాహరణకు 2323 అని ఉంటే 2023లో ఇరవైమూడో వారం అని అర్థం. బ్యాటరీ, టైర్లు మార్చారన్న అనుమానం వస్తే ఈ అంకెలే సాక్ష్యం.

డ్రైవరు దగ్గర కారు బొమ్మ నాలుగు వైపులా అచ్చువేసిన కాగితం ఉంటుంది. పాత గీత, సొట్ట ఉన్నచోట ఇంటు గుర్తు పెట్టాలి. చాలామంది డ్రైవర్లు బొమ్మకు అడ్డంగా ఒక పెద్ద గీత గీసి ‘ఓకే’ అనో ‘గీతలున్నాయి’ అనో రాసి సంతకం పెట్టమంటారు. ఒప్పుకోకండి. ఎక్కడ ఏముందో గుర్తు పెట్టించి, మీటరు అంకె, పెట్రోలు, తాళంచెవుల సంఖ్య, స్టెప్నీ ఉన్నట్లు రాయించి, డ్రైవరు పేరు, సంతకం, సమయం వేయించి, దాని నకలును అక్కడే తీసుకోండి.

బిల్టీ చేతికి రాకుండా కారు కదలకూడదు. బిల్టీలో పంపేవారి పేరు, తీసుకునేవారి పేరు, కారు నంబరు, ప్రకటించిన విలువ, ఇచ్చిన అడ్వాన్సు, ఇవ్వవలసిన బాకీ, చేర్చవలసిన చిరునామా ఉన్నాయా చూడండి. దాని వెనుక చిన్న అక్షరాల్లో ‘యజమాని బాధ్యత మీదనే’ అన్న అర్థం వచ్చే షరతు ఉంటే, అభ్యంతరం చెప్పి కొట్టివేయించండి, లేదా కంపెనీ నుంచి మెయిల్‌లో వివరణ తెప్పించండి.

ట్రైలర్ ఎక్కించడం మీరు చూస్తున్నట్లయితే, కారును టైర్ల మీదుగా పట్టీలతో బిగించమనండి. ఇరుసుకో, కింది చట్రానికో ఇనుప గొలుసు వేసి లాగనివ్వకండి. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, చక్రాల కింద ఆపుచెక్కలు పెట్టాలి.

7. దారిలో ఉన్నప్పుడు

ట్రైలర్ నంబరు, డ్రైవరు ఫోను నంబరు తీసుకోండి. ట్రైలర్ నిండే వరకు కారు యార్డులో కొన్ని రోజులు ఆగడం మామూలే కాబట్టి, చెప్పిన తేదీకి మరో నాలుగైదు రోజులు కలుపుకుని మీ ఏర్పాట్లు చేసుకోండి. రెండు రోజులకొకసారి ఎక్కడ ఉందో అడగడం చాలు. మధ్యలో ఎవరైనా ఫోను చేసి, చెక్‌పోస్టు ఖర్చనో గ్రీన్ టాక్సనో వెంటనే డబ్బు వేయమంటే, కంపెనీ నుంచి రాతపూర్వకంగా బిల్లు అడగండి. బెదిరించి గాని మోసగించి గాని డబ్బు వేయించుకుంటే, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫిర్యాదు చేయండి.

8. కారును తీసుకోవడం

ఇక్కడ జరిగే పెద్ద తప్పు, ముందు సంతకం పెట్టి తర్వాత చూసుకోవడం. కారును తెల్లటి వెలుగులోకి తెప్పించి, నీళ్లు పోసి తుడిపించి, మీ వీడియోను ఫోనులో పెట్టుకుని చుట్టూ తిరగండి. తలుపుల అంచులు, బంపరు కింది అంచు, పక్క అద్దాలు, పైకప్పు, తర్వాత మీటరు, బ్యాటరీ నంబరు, ఐదు టైర్ల అంకెలు, జాకీ చూడండి. స్టార్టు చేసి ఏసీ, లైట్లు, హారను పరీక్షించి, నాలుగడుగులు నడిపి బ్రేకులు చూడండి. మీటరు అంకె యార్డు అంకెకు కొద్ది కిలోమీటర్లకు మించి పెరిగి ఉంటే కారణం అడిగి రాయించండి.

దెబ్బ కనిపిస్తే డెలివరీ కాగితం మీదే ‘ఎడమ వెనుక తలుపు అంచు పెచ్చు లేచింది, అప్పగించినప్పుడు లేదు’ అన్నంత స్పష్టంగా రాసి డ్రైవరు సంతకం తీసుకోండి. సంతకం పెట్టనంటే, ఆ మాటా రాసి, కారు, ట్రైలర్ నంబరు రెండూ కనిపించేలా ఫొటో తీయండి. అదే రోజు కంపెనీకి, ఇన్సూరెన్సు కంపెనీకి మెయిల్ పంపండి. సర్వేయరు వచ్చి చూడకముందు రిపేరు చేయించకండి, చేయిస్తే క్లెయిము నిలవడం కష్టం.

కంపెనీ మాట దాటవేస్తుంటే స్పీడ్ పోస్టులో రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. రోడ్డు రవాణా చట్టం ప్రకారం దావాకు ముందు ఈ నోటీసు తప్పనిసరి. బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు అది కంపెనీకి అందాలి. ‘వచ్చే నెల చూద్దాం’ అంటూ ఫోన్ల మీదే గడువు దాటించుకుని నష్టపోయేవారు ఉన్నారు, ఫోను మాట నోటీసు కిందికి రాదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా, మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు.

9. కొత్త రాష్ట్రంలో రిజిస్ట్రేషను

కారును మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే, మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం అక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు మన ఆర్టీఏ ఆఫీసు నుంచి ఫారం 28లో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి. పెండింగులో ఉన్న చలాన్లు కట్టాలి. కారు మీద లోను ఉంటే బ్యాంకు అంగీకార పత్రం కూడా ఉండాలి. ఊరు వదిలాక ఈ పనికి మళ్లీ రావడం ఖర్చూ శ్రమా కాబట్టి, ఏడాదికి మించి ఉండడం ఖాయమైతే కారును అప్పగించకముందే దరఖాస్తు పెట్టండి. అక్కడ ఫారం 27తో కొత్త నంబరు తీసుకుని, పన్ను కట్టిన రసీదు చేతికి వచ్చాక, తెలంగాణలో కట్టిన జీవిత పన్నులో మిగిలిన కాలానికి వాపసు కోరుతూ ఇక్కడి ఆర్టీఏకు దరఖాస్తు చేసుకోవచ్చు. బీహెచ్ సిరీస్ (దేశమంతటా చెల్లే) నంబరు ఉన్నవారికి రాష్ట్రం మారినప్పుడు ఈ మార్పిడి అవసరం లేదు.